తేలలేదనే చెప్తా

యాభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, అందుకే ఇది ఆలస్యంగా రాస్తున్నాను. అప్పట్లో గల్ఫ్‌లో, ముఐథర్ అనే చోట ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఒక శుక్రవారం బస్సులో పక్కసీటు అమ్మాయి ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే, ఎన్నో నెలలకు విన్న తెలుగు కాబట్టి ఆగలేక పలకరించాను.

డిగ్రీ చదువుతూ ల్యాబ్‌లో పరిశోధన చేస్తోందట. మెడికల్ సీటు ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారట. ఏడాది చేసినా ఫలితం తేలలేదట.

“మరేం జెప్తవ్ బిడ్డా?”

“తేలలేదనే చెప్తా ఆంటీ.”

“సీటు పోతే?”

“పోనీయ్. తెల్వకున్నా తెల్సినట్టు చెప్పే డాక్టర్ దగ్గరికి మీరు పోతరా?”

నవ్వుతూనే కళ్లు తుడుచుకుని అల్ ముంతజా స్టాపులో దిగిపోయింది.

మర్నాడు పొద్దున ఆ ఇంటి మేడమ్, తన పాపకు వేయాల్సిన మందులు, ఎప్పుడెంత వేయాలో రాసిన చీటీ నా చేతిలో పెట్టింది. ఎప్పటిలా చదివినట్టు తలూపి సీసాల రంగును నమ్ముకోలేదు. నాకు చదవడం రాదని వచ్చీరాని హిందీలో చెప్పాను.