లిఫ్టంటే హడలిపోయే మా అక్క

మా అక్కకి లిఫ్టంటే హడల్. ఇంట్లోకి పాము వస్తే చీపురుతో బయటికి తోలి, మళ్లీ అదే చీపురుతో గది ఊడ్చుకునే మనిషి, లిఫ్టు తలుపు తెరుచుకుంటే మాత్రం నాలుగడుగులు వెనక్కి వేస్తుంది.

"అది పెట్టెరా! మనుషుల్ని పెట్టెలో పెట్టి తాడుతో లాగడమేంటి?"

"ఏం కాదక్కా. అందరూ ఎక్కుతున్నారుగా."

"అందరూ ఎక్కీ ఎక్కీ ఆ తాడు ఎంత అరిగిపోయి ఉంటుందో!"

మేముండేది ఐదో అంతస్తు. పోనీ మెట్లెక్కుతుందా అంటే, దానికి తోడు కావాలి. ఆ తోడు మా అమ్మాయే కావాలి. నేనొస్తానంటే, "నీకసలే పరధ్యానం. నేను దొర్లిపోయినా ఇంటికెళ్లాక గాని చూసుకోవు" అనేది. పైకి చేరాక గుమ్మంలో, "అయ్యో, సబ్బు మర్చిపోయానే తల్లీ!" అనేది. మళ్లీ కిందికి.

మా అమ్మాయికి అప్పటికి పదకొండేళ్లు. బాగా లావు. అంత చిన్న పిల్లకి కాలేయానికి కొవ్వు పట్టింది, షుగరు అంచుకొచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. నేనూ మా ఆవిడా పక్కనే కూర్చుని వింటూ వణికిపోయేవాళ్లం.

"తిండి మార్చండి, పిల్లని కదిలించండి. ఇప్పుడైతే వెనక్కి మళ్లుతుంది" అంది డాక్టరమ్మ.

తిండి మార్చాం. కానీ "కాస్త నడవమ్మా" అంటే చాలు, తలుపేసుకుని ఏడ్చేది. బడిలో వెక్కిరింపులు చాలవన్నట్టు ఇంట్లో కూడానా అని. అదే పిల్ల, అత్త పిలిస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ముందు నడిచేది.

"కిందికి చూడకత్తా! నేనున్నాగా!"

పిల్లకి ఆయాసం మొదలవగానే అక్క, "ఆగవే, నావల్ల కాదు" అంటూ ముందే చతికిలబడేది.

ఇలా ఏడాది గడిచాక, నిన్న నేనొక్కణ్నే కొత్త పరీక్షల కాగితాలు తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి నవ్వింది. "కాలేయం బాగుపడింది. షుగరు భయం లేదు. ఏం చేశారు?"

"మా అక్కకి లిఫ్టంటే భయమండీ" అన్నాను. ఆవిడ నన్ను కూడా పరీక్ష చెయ్యాలేమో అన్నట్టు చూసింది.

హమ్మయ్య అనుకుంటూ పరుగున ఇంటికొచ్చి, కింద లిఫ్టు మీట నొక్కాను. తలుపు తెరుచుకుంది. లోపల అద్దంలో జుట్టు సర్దుకుంటూ, కూనిరాగం తీస్తూ మా అక్క!

"అక్కా!"

"అరవకురా! పిల్లకి తెలిస్తే రేపట్నుంచి మెట్లెక్కదు."

డాక్టరమ్మ చెప్పిన సంగతి చెబితే అక్కడే నన్ను పట్టుకుని ఏడ్చేసి, వెంటనే ముక్కు తుడుచుకుని, "పద, నొక్కు ఐదు" అంది.

సాయంత్రం ఉండబట్టలేక మా అమ్మాయిని అడిగాను. "అత్తకి నిజంగా అంత భయమంటావా?"

అది చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎక్కడి భయం నాన్నా! ఓరోజు బడి తొందరగా వదిలేస్తే నేనే చూశాను, హాయిగా లిఫ్టు దిగుతోంది. నువ్వేం తెలీనట్టే ఉండు. మెట్లెక్కడం మానేస్తే పాపం, అత్తకి మోకాళ్లు పట్టేస్తాయి."