ఐదు ఓములు రాసిన పెట్టె

భీమవరంలో నేను ఫిజిక్స్ చెప్పిన జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో, ఇరవై ఏళ్లపాటు ఒక్క పిల్లకి గానీ పిల్లాడికి గానీ ఓమ్ నియమం తప్పలేదు. గ్రాఫు గీస్తే గీత స్కేలు పెట్టినట్టు వచ్చేది. అదంతా నా బోధన మహిమని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునేవాణ్ణి.

మహిమా లేదు, మట్టీ లేదు. పిల్లలు లెక్క కింది నుంచి పైకి చేసేవారు. చిన్న చెక్కపెట్టెలో కాయిల్, పైన కాగితం మీద దాని రెసిస్టెన్స్, ఐదు ఓములు. ముందు ఆ ఐదు రాసుకుని, రెండు వోల్టులకి పాయింట్ నాలుగు ఆంపియర్లని పైన నింపేవారు. రెండూ గుణిస్తే పవరు పాయింట్ ఎనిమిది వాట్లు. మీటరు వైపు చూసే పనే లేదు. నాకు తెలుసు. నేనూ అలాగే పాసయ్యాను.

ఒక ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో, కొవ్వూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, రెండు వోల్టులకి పాయింట్ రెండు ఐదు ఆంపియర్లే చూపిస్తోందండి. ఎనిమిది ఓములు వస్తోందండి."

"వైర్లు లూజుగా ఉంటాయి, చూసుకో."

"మూడుసార్లు బిగించానండి. మీటరు కూడా మార్చి చూశానండి."

పక్క బల్ల పిల్ల నవ్వింది. "ఐదు రాసెయ్యవే బాబూ. నీ ఎనిమిది ఎవరిక్కావాలి?"

"పెట్టె మీద ఎంతుంది?" అన్నాను.

"ఐదండి."

"పెట్టెకంటే నీకెక్కువ తెలుసా?"

మళ్ళీ మీటరు వైపు చూసింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు ఆ చివర పేపర్లు తిరగేస్తున్నారు. ఆయన చూసేది జవాబొక్కటే. ఎనిమిది కనిపిస్తే ఆ అమ్మాయి మార్కులు పోతాయి. అందుకే దిద్దించానని తర్వాత చాలామందికి చెప్పాను.

అది సగమే నిజం. పాత కాయిల్‌ని అంతకు రెండేళ్ల ముందు నేనే కాల్చాను, తిన్నగా కరెంటు ప్లగ్గుకి తగిలించి. బజార్లో హీటరు కాయిల్ తీగ కొని, నా చేత్తోనే చుట్టి, పాత కాగితం మళ్ళీ అంటించాను. వెంట్రుకవాసి తేడా లేకుండా చుట్టానని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. కొలవలేదు. ఎగ్జామినరు గారు వచ్చి మీటరు చూస్తే బయటపడేది ఆ పిల్ల కాదు, నేను.

"కొట్టేసి ఐదు రాయి," అన్నాను.

రాసింది. పైన పాయింట్ రెండు ఐదు కొట్టేసి పాయింట్ నాలుగు చేసింది. అర వాట్ పవరు పాయింట్ ఎనిమిది అయింది. గంటన్నర కష్టం రెండు నిమిషాల్లో సర్దుకుంది.

అందరూ వెళ్ళాక నేనే కొలిచాను. ఎనిమిది. కొత్త కాగితం కత్తిరించి, అంకె వెయ్యబోయి ఆగిపోయాను. అప్పటికే రెండేళ్ల పిల్లల రికార్డులన్నిటిలో ఐదే ఉంది, కింద నా సంతకాలు. కాగితం చెత్తబుట్టలో వేశాను. నేను రిటైరయ్యేదాకా ఆ పెట్టె మీద ఐదే ఉంది.

అంతకుముందు పేపరు ఇచ్చి వెళ్తూ ఆ అమ్మాయి నన్ను అసహ్యంగా చూసిందని రాద్దామనుకున్నాను. నా పరువు కాస్త నిలబడేది. కానీ చూడలేదు. "మార్కులు పోకుండా కాపాడారండి, థాంక్సండి," అంది, మనస్ఫూర్తిగానే. గుమ్మం దాటాక పక్క బల్ల పిల్లతో అన్న మాట కూడా వినబడింది.

"నువ్వు చెప్పిందే నయమే. ఇంకెప్పుడూ మీటరు జోలికి పోను."