కోత మిషన్‌కు టీ గ్లాసు పరీక్ష

మాది బండలు పరిచే పని. కడప చుట్టుపక్కల యాడ ఇల్లు లేస్తే ఆడికి పోతాంటిమి. ముఠాకు మేస్త్రిని నేను, బండ కోసేది మా బావ. ఆయప్ప గీత గీసినాడంటే మిషన్ ఆ గీత మీదనే పోవాల, వెంట్రుకంత గూడా పక్కకు జరగదు.

అట్లాంటి మనిషికి ఆ ఎండాకాలం చేతులు వణికేది మొదలాయె. "పనికాడ వణికితే వణకనీలే, అన్నం తినేటప్పుడు గూడా ముద్ద నిలవడం లేదు రా. ఏమన్నా చెయ్యి," అని మా అక్క కండ్లనీళ్లు పెట్టుకునె. అంతా పాత మిషన్ అదురే అని నేను గట్టిగా నమ్మినా. అదురు లేనిది కొంటే బావ చెయ్యి నిలబడతాది. లేకుంటే ఇంగ ఆయప్ప ఇంట్లో కూచోవాల్సిందే.

ఒకనాడు పని మానుకుని, బస్సులో నిలబడి, నేనూ బావా కడపలో మిషన్ల అంగడికి పోతిమి. ఒళ్లు హూనమయ్యింది. మిషన్ ఎంచేదానికి మా ముఠాలో ఒక పద్ధతి ఉండాది. బ్లేడు బిగించకుండా కుడిచేత్తో మిషన్ ఆడించాల, ఎడమచేతిలో నిండు టీ గ్లాసు పట్టుకోవాల. టీ ఒలికితే ఆ మిషన్ వద్దు.

"ఏందప్పా ఈ తమాషా? మిషన్ కొనేకొచ్చినారా, టీ తాగేకొచ్చినారా?" అనె అంగడి శెట్టి. నవ్వే ఓపిక గూడా నాకు లేకపాయె.

బావ పట్టి చూసె, మొదటిదానికి టీ ఒలికె. రెండోదానికీ ఒలికె. బరువుది, తేలికది, శెట్టి లోపల్నుంచి తెచ్చింది, అన్నిటికీ ఒలికె. బావ చొక్కా చెయ్యంతా టీ మరకలే. అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుని నోట్లో శని ఉండాది అంటారే, మా ఇంటి అల్లునికి అట్లనే ఆయె. నాకు యాడన్నా కూలబడి పడుకుందామనిపించె. "ఈ ఒక్కటి చూడు బావా," అని అన్నిట్లోకి శానా ధరదాన్ని చేతికిస్తి. మళ్లా గ్లాసు నింపిస్తిమి.

బావ స్విచ్ నొక్కె. అంతలోనే కరెంటు పాయె. ఫ్యాను నిలిచె, మిషన్ నిలిచె. బావ గ్లాసు మాత్రం దించలేదు. టీ అంచు దాటి వేళ్ల మీదికి కారతానే ఉండె.

శెట్టి తల తిప్పుకునె. "కరెంటు రానీ బావా, మళ్లా చూద్దాం," అంటి నేను. ఎందుకంటినో దేవునికే తెలియాల.

బావ గ్లాసు బల్ల మీద పెట్టి, మిషన్ నా చేతిలో పెట్టె.

"నువ్వు పట్టుకో అబ్బీ. ఇంగ కోసేది నువ్వే గదా, నీ చేతికి చూసుకో."