సంచి విప్పిన యాసంగి

మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసినన్నాళ్లూ ఇల్లు నాది. పొద్దున సైకిల్ మీద పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. కొలువు అయిపోయి ఇంట్లో కూర్చున్న నాటి నుంచి ఆయనకు తూచడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

కూర ఉడుకుతుంటే మూత ఎత్తి చూసేవాడు. బీరపాదును నేను ఒక దిక్కుకు పాకిస్తే, మధ్యాహ్నానికి ఇంకో దిక్కుకు తిప్పి కట్టేవాడు. బాన్సువాడ దవాఖానలో డాక్టరమ్మ నన్ను చూసి ఎక్కడ నొప్పి అని అడిగితే, "కుడి మోకాలు మేడమ్" అని ఆయనే చెప్పాడు. నాకు నొప్పి ఎడమ మోకాలు. ఆమె చీటీ రాయడం అయ్యాక గానీ నాకు నోరు తెరిచే సందు దొరకలేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. విత్తనం దగ్గర ఓర్చుకోలేకపోయాను.

కాలువ కింద నా పేరు మీద ఎకరం పొలం ఉంది. పెళ్లయిన నాటి నుంచి అందులో మా అమ్మ ఇచ్చిన సన్నవడ్లే వేశాను. ఒక్క ఏడాది కూడా దుకాణంలో విత్తనం కొనలేదు. ప్రతి పంటలో మంచి వెన్నులు ఏరి, ఎండబెట్టి, రెండు సంచులు దాచేదాన్ని. ఒకటి నారు పోయడానికి, ఆ నారు పోతే మళ్లీ పోయడానికి ఇంకొకటి. చుట్టుపక్కల ఎవరి దగ్గరా, మా పుట్టింట్లో కూడా ఆ వడ్లు లేవు.

ఆ యాసంగి పంటకు ముందు పిట్లంలో తమ్ముడి ఇంటికి పోయి వచ్చేసరికి ఒక సంచి లేదు.

"ఏది గా సంచి?" అన్నాను.

"పురుగు వడుతదని మిల్లుకు ఏసిన. బియ్యం జూడు, ఎంత తెల్లగున్నయో."

"విత్తనపు వడ్లు మిల్లుకు ఏస్తరా ఎవ్వలన్న?"

"ఇంకో సంచి ఉన్నది గదనే. ఎందుకు ఫికర్ జేస్తవ్?"

నేను అరవలేదు. "గీ సంచి ముట్టినవా, నీ పొయ్యి ఏరు, నా పొయ్యి ఏరు" అన్నాను. ఆయన నవ్వాడు.

వడ్లను ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చి, గోనెసంచిలో పోసి మూతి బిగించి, పైన గడ్డి కప్పి బరువు పెడతాం. లోపల వేడి పుట్టి మొలక వస్తుంది. దీన్ని మండె కట్టడం అంటాం. చలికాలంలో మూడు రోజులైనా పడుతుంది. అంతవరకు విప్పకూడదు. విప్పితే ఆ వేడి పోతుంది. మిగిలిన ఆ సంచి వడ్లను అట్లాగే మండె కట్టాను. నేను చదివింది మూడో తరగతి. ఆ చదువుతోనే పాత క్యాలెండర్ కాగితం వెనక "విప్పొద్దు" అని రాసి సంచి మీద పెట్టాను.

ఆయన దాన్ని పైకి చదివాడు. "అబ్బో, ఆఫీసర్ సాబ్ ఆర్డర్ ఇచ్చింది!" అన్నాడు.

మూడో రోజు నారుమడి చదును చేసి ఇంటికి వచ్చాను. సంచి మూతికి నేను వేసిన ముడి కాదు. గడ్డి తడిగా ఉంది. విప్పితే ఉడికిన వడ్ల వాసన కొట్టింది. చేయి పెడితే గింజ మెత్తగా నలిగి పొట్టు చేతికి అంటుకుంది. ఒక్క దానికీ మొలక లేదు.

అడిగితే చెప్పాడు. మొలక వచ్చిందా అని రోజుకు రెండుసార్లు విప్పి చూశాడట. చలి తగిలి రాలేదు. నేను తిడతానని భయపడి, స్నానానికి కాగులో కాగుతున్న నీళ్లు తెచ్చి రెండు బకెట్లు పోశాడట.

"సలికి ఎచ్చని నీళ్లు జల్లుతరు గదనే."

"గవి ఎచ్చని నీళ్లా? సలసల కాగే నీళ్లా?"

"చెయ్యి వెట్టి సూడలే" అన్నాడు. "నీ కోసమే జేసిన" అన్నాడు.

అన్నిట్లో చేయి పెట్టే మనిషి ఆ ఒక్క నీళ్లలో పెట్టి చూడలేదు.

ఆ సాయంత్రమే పశువుల కొట్టంలో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వేసుకున్నాను. గిన్నెలు సగం, బియ్యం సగం పంచాను. అన్నదమ్ములు వేరు పడేటప్పుడు పంచినట్టే పంచాను.

వారానికి మా ఆడబిడ్డ బీర్కూర్ నుంచి బస్సు దిగింది.

"ఏంది వదినా, మనుమరాండ్లకు పెండ్లీలు జేసే వయసుల ఏరు వడుడా? ఊరంత నవ్వుతుండ్రు."

"అయితే మీ అన్నను తీస్కపో. నీ కూర మూత ఎత్తి సూస్తడు."

"అమ్మో, నాతోని గాదు! మా ఇంట్ల ఒకడున్నడు, సాలు."

నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆయన గడపలో కూర్చొని వింటున్నాడు. చెల్లెలు అటు తిరిగి, "అన్నా, ఇగ నుంచి ఏం ముట్టనని చెప్పు, వదిన వస్తది" అంది.

"ముట్ట. ఆమెది ఏదీ ముట్ట. సరేనా?" అన్నాడు.

అయినా నేను పోలేదు. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

దుకాణం విత్తనమే పోశాను. పంట మంచిగానే వచ్చింది. కుప్ప దగ్గర అలవాటు కొద్దీ వెన్నులు ఏరడానికి కూర్చున్నాను. అవి నావి కావని లేచి వచ్చాను.

మొన్న అన్నం పొయ్యి మీద పెట్టి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మాడు వాసన వచ్చింది. మోకాలి నొప్పితో నేను వచ్చేసరికి కొంత సేపు పట్టింది. ఆయన కొట్టం ముందరే, పొయ్యికి నాలుగడుగుల దూరంలో కూర్చొని ఉన్నాడు. పొగ ఆయన ముఖం మీదికే పోతోంది. మునుపైతే నేను అడగకముందే దించేవాడు.

గిన్నె దించాను. ఆయన నా వైపు చూడలేదు. లేచి, తన గిన్నె తీసుకొని కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయాడు.

అన్నం పారేయడం నాకు అలవాటు లేదు. పైపైది తీసి పెట్టుకొని, అడుగుది కూడా గీకి తిన్నాను.