తువ్వాల కింద కంప్యూటర్ బేరం

మొన్న మా మేనమామను పింఛను పని మీద వార్డు ఆఫీసుకు తీసుకుపోతే, అక్కడి వేలిముద్ర మిషను ఆయన వేలిని వేలుగానే ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టించారు, చూపుడువేలు పెట్టించారు, తడిపించారు, తుడిపించారు, ఆఖరికి ఎవరో తలనూనె కూడా రాశారు; అది ఎర్రగా చూసిందేగాని పలకలేదు. ఎద్దుల పగ్గాలు లాగి లాగి గీతలన్నీ అరిగిపోయిన వేళ్ళవి. బెంచీ మీద కూర్చుని వాటిని తిప్పి తిప్పి చూసుకుంటున్న మామను చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎందుకంటే నేను వయసులో ఉన్నప్పుడు, తాళం పడిన ఒక మిషను ముందు నన్ను వెర్రివాడిలా కూర్చోబెట్టినవి కూడా ఆ వేళ్ళే.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరంటే బియ్యం డబ్బా అంత తెర, దాని పక్కన ఇనుప పెట్టె, రెంటికీ పూలగుడ్డ ముసుగు, గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. కర్నూలు పాతబస్తీలో పెళ్ళికార్డులూ కరపత్రాలూ టైపు చేసే అంగడి పెట్టాలని నాకు పట్టుదల. కొత్త కంప్యూటర్ కొనే స్తోమతు లేదు. కల్లూరులో ఒకాయన అదే పని చేసి, మానుకుని, తన మిషను అమ్ముతున్నాడని తెలిసింది. పాత వస్తువు కొనాలంటే మా ఇంట్లో మామ చెయ్యి పడాల్సిందే. ఆయన పత్తికొండ వైపు సంతల్లో ఎద్దుల దళారి. ఎద్దు దగ్గితే చాలు దాని వయసు చెప్పేవాడంటే మీరు నమ్మరు. నమ్మొద్దు, సగం తీసేయండి, మిగిలిన సగమూ తక్కువేం కాదు.

కల్లూరాయన ఇంట్లో మిషను అప్పటికే నడుస్తూ ఉంది. మామ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, పళ్ళు చూసినట్టు మీటలన్నీ తడిమాడు, వీపు మీద చరిచాడు, వెనక్కి వంగి గిర్రున తిరిగే ఫ్యానును ఎద్దు ఒంటి మీది సుడిలా చూసి, "సుడి వెనకపక్క ఉండాది, మంచిదే" అన్నాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాల తీశాడు. సంతలో పదిమంది మధ్య ధర పొక్కకుండా, తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నొక్కి బేరం చేసుకునేవాళ్ళు. మధ్యలో నోరు తెరవడం మర్యాద కాదు. కల్లూరాయనకు ఆ విద్య తెలియకపోతే మామ అప్పటికప్పుడే నేర్పాడు. ఆయనకు భలే సరదా వేసింది. బేరం కుదిరి, నవ్వుకుని, లేవబోతుంటే ఆయన తువ్వాల కింద మళ్ళీ మామ చెయ్యి పట్టుకున్నాడు. మామ చటుక్కున చెయ్యి గుంజుకుని, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "అయిపోయిందప్పా, పగ్గం చేతులు మారినాక మళ్ళీ బేరం లేదు" అన్నాడు. పాపం ఆయన నోరు తెరిచేలోపల మేం ఆటోలో ఉన్నాం.

అంగట్లో పెట్టి మీట నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ కొట్టాను. ఊళ్ళ పేర్లు కొట్టాను, మామిడిపండ్ల పేర్లు కూడా కొట్టాను. మామ మాత్రం నిదానంగా దాని వీపు నిమురుతూ, "కొత్త చోటు గదరా, బెదిరింటాది. రెండు పొద్దులు మేత పెట్టి వదిలెయ్" అన్నాడు. కల్లూరు పోయి అడుగుదాం మామా అంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. కొన్న ఎద్దును గురించి అమ్మినోడి గడప తొక్కి అడిగితే, మోసపోయినామని ఊరంతా చాటినట్టేనట. "అడిగినావంటే నీ అంగట్లో కాలు పెట్టను" అన్నాడు. తలుపు బయట తాళంచెవి ఉందని తెలిసీ గోడకు కన్నం వెయ్యమన్నట్టుంది నా పరిస్థితి.

సరిగ్గా అప్పుడే పక్క సోడా అంగడాయన వాళ్ళ నాయన పెద్దకర్మకు కార్డులు టైపు చెయ్యమన్నాడు. నా మొదటి పని. పొద్దున్నే ప్రెస్సుకు పోవాలి. పెళ్ళయితే ఇంకో ముహూర్తం చూసుకోమనొచ్చు, పోయినాయనను కాస్త ఆగమని ఎట్లా అంటాం? ఇది తప్పితే ఆ వీధిలో నాకు రెండో పని రాదు.

కంప్యూటర్ కోర్సు చదివిన మా పెద్దమ్మ కొడుకును పిలిపించాను. అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించడమే దారి అన్నాడు వాడు. "తడిగుడ్డా, పొడిగుడ్డా?" అన్నాడు మామ. వాడే సీడీ వేశాడు. తెర మీద అంకె నత్తలా పాకింది, ఒకచోట నిలిచింది, కరెంటు పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. నేను గోళ్ళు కొరుక్కుంటుంటే మామ పక్కన కూర్చుని, ఈనబోయే బర్రెకు చెప్పినట్టు దానికి ధైర్యం చెబుతున్నాడు. ఎట్లాగో తెరుచుకుంది. నీలాకాశం కింద పచ్చటి గడ్డి దిబ్బ కనబడగానే మామ లేచి నిలబడి, "ఈ కరువులో ఇంత గడ్డి యాడ దొరికిందిరా దీనికి!" అన్నాడు.

నవ్వుతూ టైపు చెయ్యబోయాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. కల్లూరాయన ఏళ్ళ తరబడి అందులో కూర్చుకున్న తెలుగు అక్షరాలన్నీ మేం శుభ్రంగా తుడిచేశాం. ఇక నేను మామను అడగలేదు. షేర్ ఆటో ఎక్కాను. మామ తల వంచుకుని వెనకే ఎక్కాడు.

కల్లూరాయన మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఆ పొద్దు పాస్‌వర్డ్ చెప్దామనే గదా మళ్ళీ చెయ్యి పట్టుకున్న్యా! నాలుగంకెలు. రహస్యం గదా, తువ్వాల కిందే చెప్తే బాగుంటాదనుకున్న్యా. నువ్వేమో గుంజుకుంటివి" అన్నాడు. అక్షరాల సీడీ వెదికి ఇచ్చాడు. ఇస్తూ, "లోపల పాతవి శానా ఉండె. నేను టైపు చేసిన పెళ్ళిళ్ళన్నీ అందులోనే. పోయినాయా?" అన్నాడు మెల్లగా. మామ తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పి, కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ఏం చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. కల్లూరాయన మాత్రం తల ఊపి, లోపలికి కేకేసి మాకు కాఫీ పెట్టించాడు. కార్డులు పొద్దున్నే ప్రెస్సుకు చేరాయి, అంగడి నిలబడింది.

ఇప్పుడు ఏది తెరవాలన్నా పాస్‌వర్డే, అది మరిచిపోతే ఫోనుకొచ్చే ఇంకో అంకె. పోయి అడగడానికి ఎవరి గడపా లేదు, ఆ గడప తొక్కనని పంతం పట్టే పౌరుషమూ లేదు. మొన్న వార్డు ఆఫీసులో విసుగెత్తి మామ తువ్వాల తీసి మిషను మీదా తన చేతి మీదా కప్పేశాడు. మిషను కుయ్యిమంది. కిటికీ ఎండ పడకపోయేసరికి పని చేసిందని అక్కడ ఉద్యోగం చేసే అమ్మాయి అంది. నేనేమో దానికి మర్యాద ఇప్పటికి తెలిసిందని అందరికీ చెబుతున్నాను. "పడింది తాతా, చెయ్యి తీసెయ్" అని అమ్మాయి రెండుసార్లు చెప్పినా మామ వెంటనే తియ్యలేదు. అవతలి నుంచి తిరిగి ఒక నొక్కు వస్తుందేమోనని, ఆ చెయ్యి అలవాటు కొద్దీ తువ్వాల కిందే కాసేపు ఉండిపోయింది.