హాట్ ల్యాబులో పులస

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదనుకునేవాణ్ణి. రాజమండ్రి దగ్గర ఒక పరిశోధనా విశ్వవిద్యాలయంలో రేడియేషన్ భద్రతాధికారిగా కొత్తగా చేరాను. వరి మొక్క ఎరువును ఎంత పీల్చుకుంటుందో చూడ్డానికి మావాళ్ళు రేడియోధార్మిక భాస్వరం వాడేవారు. దాన్ని ఉంచే గది తలుపు మీద ఎర్రటి అక్షరాలతో 'హాట్ ల్యాబ్' అని నేనే దగ్గరుండి రాయించాను. హాట్ అంటే మా పరిభాషలో రేడియేషన్ ఉన్నదని అర్థం (ఈ సంగతి లోకమంతటికీ తెలుసని నా నమ్మకం).

ఆ ఏడు గోదావరికి ఎర్రనీళ్ళొచ్చి పులస చేపలు ఎదురెక్కే రోజుల్లో, ల్యాబు అనుమతి పొడిగించాలా, మూసెయ్యాలా అని తేల్చడానికి బొంబాయి నుంచి తనిఖీ అధికారి వచ్చారు. ల్యాబు మూతపడితే నా ఉద్యోగమూ అంతే. తలుపు తెరిచి, అంతా సర్ది, ఆయన్ని తీసుకురావడానికి గేటు దగ్గరికి దర్జాగా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ల్యాబు బల్ల మీద క్యారేజీ, పక్కన నవ్వుతూ మా బాబాయ్! ఆయనకి కడియంలో నర్సరీ ఉంది.

"బొంబాయి నుంచి పెద్దాయన వస్తున్నారని మీ పిన్ని పులస పులుసు పంపిందిరా. చల్లారిపోద్దని హాట్ రూములో పెట్టా," అన్నాడు.

అధికారిది అమలాపురమట. ముక్కు ఎగబీల్చి, "పులసేనాండీ?" అన్నారు.

"ఆయ్, పులసేనండి!" అన్నాడు బాబాయ్.

అంతలోనే అధికారి తేరుకుని నావైపు తిరిగారు. "ఇప్పుడేం చేస్తారు?"

క్యారేజీ చుట్టూ రేడియేషన్ మీటరు తిప్పాను. కిక్కురుమనలేదు. "చూశారా, ఏం లేదు. వడ్డించేస్తానండి," అన్నాడు బాబాయ్. నేను తడుముకోలేదు. "మీటరు ఏమన్నా సరే, ఈ గదిలోకొచ్చిన తిండి తినకూడదు," అని క్యారేజీతో సహా సంచిలో కట్టి వ్యర్థాల డ్రమ్ములో వేసి మూత బిగించాను. అధికారి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

"ఒరేయ్, పులసని చెత్తలో వేశావా! గోదావరి నీళ్ళు తాగే పెరిగావా నువ్వు?" అని బాబాయ్ నెత్తి పట్టుకున్నాడు.

తలుపు తెరిచిపెట్టి వెళ్ళినందుకు నాకు గట్టిగానే చీవాట్లు పడ్డాయి. అనుమతి మాత్రం వచ్చింది. జీపెక్కుతూ అధికారి అన్నారు: "ఉద్యోగానికి మీరు బాగా పనికొస్తారండి. భోజనానికి పిలవడానికే పనికిరారు."

మర్నాడు తలుపు మీద ఇంకో వరస రాయించాను: 'ఈ గదిలో ఏదీ వేడెక్కదు'. పిన్ని నాకు పులస వడ్డించబోయినప్పుడల్లా, "వాడికెందుకే, డ్రమ్ములో వేస్తాడు," అనేవాడు బాబాయ్.

అప్పటి నాలోని ఆ కుర్రాడి ధీమా తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఇప్పుడైనా అదే పని చేస్తాను. కాకపోతే మూత బిగించే ముందు ఒక్కసారి వాసన చూస్తాను.