జూలై సెలవు

గంగులయ్య, అంకాలమ్మ మొగుడూ పెళ్లాలు. ఇద్దరూ కువైట్‌లోనే ఉంటారు, ఒక ఇంట్లో కాదు. అతను సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో కంప్యూటర్ దగ్గర కూర్చుంటాడు. ఆమె ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది, ఆ ఇంట్లోనే పడుకుంటుంది. శుక్రవారం ఒక గంట, అబ్బాసియాలో దర్జీ కొట్టు ముందున్న బెంచీ మీద కలుస్తారు. తొమ్మిదేళ్లుగా వాళ్ల కాపురం ఆ బెంచీయే. ఊరికి పోయే సెలవులు ఎన్నడూ కలిసి రాలేదు. పొద్దున నిద్ర లేచినప్పుడు ఆమె ఎలా ఉంటుందో గంగులయ్యకు మరుపుకొచ్చింది.

ఈసారి, అంకాలమ్మ ‘మామా’ అని పిలిచే యజమానురాలు జూలైలో ప్రయాణం పెట్టుకుంది. “మామా నలభై రోజులు ఇచ్చింది,” అని ఆమె ఫోన్‌లో చెప్పింది.

గోడౌన్‌లో జూలైకి ఒక్కరికే సెలవు. ఊరి నుంచి తిరిగొచ్చి ఎవరికి ఎక్కువ కాలమైతే వాళ్లకు. ఏటా గొడవే. అందుకని సూపర్‌వైజర్ అస్లాం, ఫోన్లో చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్న గంగులయ్యకు ఆ వరస తేల్చే పని అప్పగించాడు. గంగులయ్య అందరి తేదీలూ ఎక్కించి, రెండేసి తేదీల మధ్య < గుర్తు పెట్టాడు. చిన్నది, అంటే పాత తేదీ, ముందుకు రావాలి. మొదట తన పేరే వచ్చింది. అస్లాం కాగితం తలుపుకు అంటించి, “ఖలాస్,” అన్నాడు.

వారం తర్వాత టీ దగ్గర నరసింహులు నవ్వాడు.

“ఊర్నుంచి నీకంటే ముందొచ్చినోణ్ణి నేను గదన్నా! మిషన్‌కు నీ మీద మనసైనట్టుంది.”

గ్లాసు పెట్టేసి పనిలోకి పోయాడు.

గంగులయ్య తెర ముందు కూర్చున్నాడు. తనది 03-09-2023. నరసింహులుది 28-02-2022. అవి తేదీలని చెప్పకుండా వట్టి అక్షరాల్లాగా ఇచ్చాడు. నిఘంటువులో మాటల్ని పేర్చినట్టు, ఆ గుర్తు ఎడమ వైపు నుంచి మొదలుపెట్టింది. రెండు కన్నా సున్నా చిన్నది. అక్కడే ఆగింది. సంవత్సరం దాకా పోనే లేదు.

ఇది తెలిసినవాడు తనొక్కడే. ఆ సున్నాను చాలాసేపు చూశాడు. తర్వాత అక్షరాలను తేదీలుగా మార్చి మళ్లీ నడిపాడు. నరసింహులు పేరు పైకొచ్చింది. కొత్త కాగితం తనే అంటించాడు.

శుక్రవారం బెంచీ మీద అంతా చెప్పాడు.

“ఎవురడిగినారు నిన్ను?” అంది అంకాలమ్మ.

“ఎవురూ అడగలే.”

“మరి నోరు మూసుకోనుంటే ఏం పోయె? పెద్ద నీతిమంతుడు బయల్దేరినాడు!”

లోపల కుట్టుమిషన్ నడిచి ఆగింది. ఆమె కొంగు సర్దుకుంది.

“ఇంటికి పోయినాక దినామూ పొద్దున్నే వీడియో కాల్ చేస్తాలే,” అంది.

“మొగం కడుక్కోకముందే చెయ్యి,” అన్నాడు గంగులయ్య.